పిడి అవతలివాళ్ళ వైపు

నత్తమ్మ మెట్ల మీద కూలబడి ఎదురుగా ఉన్న గోడని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఎంతకీ లేవకపోయేసరికి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది.

"గోడ ఏమన్నా చెబుతోందా మేడమ్?"

"చెబుతోంది. మధ్యలో మీరు మాట్లాడుతుంటే సరిగ్గా వినబడట్లేదు."

డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లోనే ఆమెకి ఆ పేరు పడింది. అందరూ పది నిమిషాల్లో చూసేసే గదిని ఆమె పొద్దుపోయేదాకా చూసేది. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టినా పేరు మాత్రం వెంటే వచ్చింది. ఇప్పుడు క్లయింట్లు కూడా "నత్తమ్మగారి ఆఫీసు ఇదేనా?" అని అడుగుతూ లోపలికొస్తారు. ఆమె కాదనడం మానేసింది.

ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె చేతికింద పనిచేసినవాడు. పంచనామా ఎలా రాయాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. గురువుకి నిదానం ఎంత ఇష్టమో శిష్యుడికి తొందర అంత ఇష్టం. ఒకసారి ఒకణ్ణి పట్టుకున్నాడంటే, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఈసారి అతను పట్టిన కుందేలు చనిపోయినావిడ భర్త.

ఆవిడ ఆత్మరక్షణ స్కూల్లో ఆడవాళ్ళకి నేర్పేది. అందరూ చిన్న టీచరు అనేవారు. నిన్న సాయంత్రం ఇంటికొస్తూ ఈ మెట్ల మీదే, తన తలుపుకి ఇంకో నాలుగు మెట్లు ఉన్నాయనగా, కత్తిపోటుతో చచ్చిపోయింది. డొక్కలో ఒకటే పోటు. భర్తతో సరిపడక ఏడాదిగా విడిగా ఉంటోంది. నిన్న మధ్యాహ్నం అతను వచ్చి తలుపు దగ్గర నానా రభస చేసి వెళ్ళాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ఇన్‌స్పెక్టర్‌కి అది చాలు. రాత్రికల్లా అతన్ని లాకప్‌లో వేశాడు.

నత్తమ్మని పిలిచింది ఆ భర్త తల్లి. ఈ ఉదయం ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నా కొడుకు వెధవ. ఆ మాట కోర్టులో కూడా చెబుతాను. సంపాదన లేదు, నోటికి అదుపు లేదు. నా కోడలు వాణ్ణి వదిలేసి మంచిపని చేసింది, ఆ మాట కూడా దానితోనే అన్నాను. కానీ వాడు చంపలేదండీ. వేలు తెగి రక్తం కనబడితే కళ్ళు తిరిగి పడిపోయే రకం వాడు."

ఆమె కొంగు పట్టుకుని ఆరేళ్ళ మనవరాలు నిలబడి ఉంది. వాళ్ళమ్మ ప్రాక్టీసులో కట్టుకునే నల్ల బెల్టుని నడుముకి మూడు చుట్లు చుట్టుకుంది. విప్పుతానంటే ఒప్పుకోవడం లేదట.

"కోడలు పోయింది. వీణ్ణి కూడా జైల్లో పెడితే, పెద్దయ్యాక దీనికి నేనేం చెప్పాలి? మీ అమ్మని మీ నాన్నే చంపాడని చెప్పనా? చంపకపోయినా సరే, అదే చెప్పనా?"

నత్తమ్మకి పిల్లలు లేరు. అయినా ఆ ప్రశ్న పొద్దుటినుంచీ ఆమెని వదల్లేదు. మామూలుగా క్లయింటు కన్నీళ్ళని ఆమె ఇంటికి తీసుకుపోదు. ఈసారి అప్పుడే తీసుకుపోయినట్టుంది.

"సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈలోపు నేరం ఒప్పుకుని సంతకం పెడతాడు. పైవాళ్ళు మీకు చూపించమన్నారు కాబట్టి చూపిస్తున్నాను. గోడ చూశారు, మెట్లు చూశారు. ఇంకేం కావాలి?"

"కత్తి ఫొటోలు."

అతను కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి తియ్యకుండానే, చంకలోని కవరుని ఎడమ చేత్తో లాగి ఆమె ముందు పెట్టాడు. నత్తమ్మ మనసు చివుక్కుమంది. పాత అధికారి ముందు జేబులో చెయ్యి, పైగా ఇచ్చేది ఎడం చేత్తో. తను కుర్చీ దిగిపోయాక మనుషులు ఎంత మారిపోతారో అనుకుని, ఏమీ అనకుండా ఫొటోలు తీసుకుంది.

పిడి నున్నగా తుడిచేసి ఉంది. ఉక్కు అలుగు మీద మాత్రం వేలిముద్రలున్నాయి. చనిపోయినావిడవే.

"ఆవిడ కత్తిని పట్టుకుని ఆపబోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆగలేదు."

"ఆవిడ అరచేతిలో గాట్లున్నాయా?"

"లేవు."

"పొడవడానికొచ్చే కత్తిని పట్టుకుంటే వేళ్ళు తెగిపోవా?"

నత్తమ్మ ఫొటోని వెలుతురుకి పెట్టింది. బొటనవేలి ముద్ర ఒకవైపు, రెండు వేళ్ళవి రెండోవైపు. మూడూ నెత్తురు అంటని చోట, పదును తగలకుండా పట్టుకున్నట్టున్నాయి. ఆమె బ్యాగులోంచి పెన్సిల్ తీసి, చెక్కిన వైపు అలాగే మూడు వేళ్ళతో పట్టుకుంది. పట్టుకోగానే చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది, వెనకవైపు ఎదుటివాడికి అందేలా.

"వంటింట్లో ఎవరికైనా చాకు అందించాలంటే ఇలా పట్టుకుంటాం," అంది నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "బాగుంది. చంపడానికొచ్చినవాడికి, బాబూ ఇదిగో కత్తి అని అందించిందా? రేపు కోర్టులో ఈ మాట అనండి. జడ్జిగారు కూడా నవ్వుకుంటారు."

"ఈ గీత సంగతేంటి మరి?"

గోడకి కొత్తగా వేసిన రంగు మీద, భుజమంత ఎత్తులో, ఒక సన్నటి గీత ఉంది. అడ్డంగా మొదలై, కిందికి వంపు తిరిగి, ఠక్కున ఆగిపోయింది. కత్తి మొన దగ్గర నెత్తుట్లో తెల్లటి పొడి కరుచుకుని ఉండటం ఫొటోలో స్పష్టంగా కనబడుతోంది.

"చెయ్యి మెలి తిరిగితే కత్తి ఇలా గీసుకుంటూ పోతుంది. అంటే మొదటి పట్టు ఆవిడే గెలిచింది. వాడి చేతిలోంచి కత్తి లాగేసుకుంది. లాక్కున్నాక ఎలా చచ్చిపోయింది?"

"మళ్ళీ లాక్కున్నాడు."

"లాక్కుంటే పెనుగులాట ఉండాలి. ఆవిడ బ్యాగు భుజానికి అలాగే ఉంది. గాజు ఒక్కటి చిట్లలేదు."

"చూడండి మేడమ్. ఆ గంతులూ గెంతులూ నాకు తెలియవు. ఆ స్కూలు గడప నేనెప్పుడూ తొక్కలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. మొగుడూ పెళ్ళాల గొడవలో కత్తి దొరికితే శవం లేస్తుంది. ఇక కిందికి పోదామా?"

గీత నిజం, ముద్రలు నిజం. రెంటినీ కలిపితే వచ్చే కథ మాత్రం పిచ్చివాడి మాటలా ఉంది. మోకాళ్ళు పట్టుకుని లేచి, స్కూలు దారి పట్టింది.

*

కార్ల షెడ్డు పైన ఒక పొడుగాటి హాలు. నేలంతా నీలం చాపలు, ఒక గోడ నిండా అద్దం. మూలన ప్లాస్టిక్ బకెట్టులో, గొడుగులు పెట్టినట్టు, నల్లటి రబ్బరు కత్తులు. డజను మంది ఆడవాళ్ళు జంటలు జంటలుగా నిలబడి ఉన్నారు. అందరి కళ్ళూ ఉబ్బి ఉన్నాయి.

"నిన్న మనిషి పోయింది. ఇవాళ క్లాసా?" అంది నత్తమ్మ.

మాస్టారు యాభై దాటినవాడు. గడ్డం గీసుకోలేదు. "ఇవాళ ఆపితే వీళ్ళు మళ్ళీ రారండీ. అంత వచ్చిన ఆవిడే చచ్చిపోయింది, మేం నేర్చుకుని ఏం లాభం అనుకుంటారు. నేనూ పొద్దుట్నించీ అదే అనుకుంటున్నాను."

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. వీళ్ళందరితో. అడగండి."

అడిగింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తలూపారు.

"ఆవిడకీ మీకూ మాటపట్టింపులేమైనా ఉన్నాయా?"

"నాకంటే బాగా చేసేది. నేర్పినవాడికి అంతకన్నా ఏం కావాలి?" అతను తల తిప్పుకున్నాడు. "కత్తి పట్టుకుని ఆవిడ ముందు రెండో క్షణం నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. ఎలా జరిగిందో నాకు బోధపడటం లేదు. ఒట్టు."

"అయితే నాకు చూపించండి. కత్తితో మీదికొస్తే ఏం చెయ్యమని నేర్పుతారు?"

అతను బకెట్టులోంచి ఒక కత్తి తీసి, చెప్పుల షాపులో పనిచేసే ఒక పొట్టి అమ్మాయిని పిలిచాడు. గిర్రున తిరుగుతుందని అందరూ ఆ పిల్లని బొంగరం అంటారు. ఆమెకి జోడీగా ఉన్నావిడ కత్తి పట్టుకుని పొడవబోయింది. బొంగరం పక్కకి తిరిగింది, మణికట్టు పట్టుకుంది, బయటికి మెలిపెట్టింది. కత్తి ఆమె చేతిలోకొచ్చింది. ఎదుటామె ఖాళీ అరచెయ్యి చాచింది. బొంగరం కత్తి ఆమెకి అందించింది. ఆమె మళ్ళీ పొడవబోయింది. మళ్ళీ తిరగడం, మెలిపెట్టడం, చాచిన అరచెయ్యి, అందించడం. పక్కన మిగతా జంటలు కూడా మొదలుపెట్టాయి. హాలంతా ఒకటే లయ.

నత్తమ్మ నాలుగైదు సార్లు చూసింది.

"ఆపండి!"

అందరూ ఆగారు.

"మధ్యలో అదేంటి?" అంది బొంగరంతో.

"ఏదండీ?"

"లాక్కున్న కత్తిని మళ్ళీ ఇచ్చేశావు."

బొంగరం అర్థం కానట్టు మాస్టారి వైపు చూసింది. ఆయన, "ఇవ్వకపోతే మళ్ళీ ఎలా చేస్తారండీ? ప్రాక్టీసు కదా," అన్నాడు. "మా దగ్గర అదొక పద్ధతి. కత్తిని కింద పడేయకూడదు, విసరకూడదు. ఒకసారి ఎవరో విసిరితే పక్కమ్మాయి కన్ను పోవాల్సింది, తప్పింది. అప్పట్నించీ నియమం పెట్టాను. మొన మన వేళ్ళలో ఉండాలి, పిడి అవతలివాళ్ళ వైపు పెట్టి మర్యాదగా అందించాలి."

"ఒక్కో మనిషి ఎన్నిసార్లు చేసి ఉంటుంది ఇలా?"

"లెక్కెవరు పెడతారండీ. వేలసార్లు."

నత్తమ్మ ఇంకేమీ అడగలేదు. అందరినీ కాసేపు కూర్చోమంది. ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగుతూ గోడకి జారగిలబడ్డారు. బొంగరం సీసా మూత బిగిస్తూ ఎవరితోనో మాట్లాడుతోంది. నత్తమ్మ ఏదో రాసుకుంటున్నట్టు ఆ పక్కగా నడిచి, ఉన్నట్టుండి పెన్నుతో ఆ పిల్ల డొక్కలోకి ఒక్క పోటు పొడవబోయింది.

సీసా కిందపడింది. నత్తమ్మ మణికట్టు బయటికి మెలి తిరిగి, నొప్పి మోచేతిదాకా పాకింది. పెన్ను బొంగరం చేతిలో ఉంది. నత్తమ్మ పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ ఖాళీ అరచెయ్యి చాచింది.

బొంగరం పెన్ను అందించింది. ములుకు తన వేళ్ళలో, వెనకవైపు నత్తమ్మకి.

"అయ్యో, సారీ అండీ. గట్టిగా తగిలిందా?" అని కూడా అంది.

బొంగరం తన చేతివైపు చూసుకుంది. అది తనది కానట్టు వెనక్కి లాక్కుని, రెండో చేత్తో పట్టుకుని, ఏడుస్తూ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళిపోయింది. మాస్టారు నిలబడ్డచోటే చాప మీద కూర్చుండిపోయాడు.

"ఆవిడ గెలిచింది," అంది నత్తమ్మ. "మీరు నేర్పినట్టే తిరిగింది, మెలిపెట్టింది, లాక్కుంది. వాడు చెయ్యి చాచాడు. మీరు నేర్పినట్టే ఇచ్చేసింది."

"నేనే చంపాను," అన్నాడు మాస్టారు.

"కాదు. చంపినవాడు వేరే ఉన్నాడు. వాడికి చెయ్యి చాచాలని తెలుసు. అది ఆవిడ మొగుడికి తెలియదు, దారినపోయే దొంగకి తెలియదు. ఆవిడతో ప్రాక్టీసు చేసినవాడికే తెలుసు. మీ దగ్గర మగవాళ్ళెవరైనా నేర్చుకుంటారా?"

"లేదండీ. ఆడవాళ్ళే." అతనికేదో గుర్తొచ్చింది. "ఇక్కడ లేరు. ఆవిడ పొద్దున్నే పోలీసు గ్రౌండుకి వెళ్ళి, అక్కడ ఆఫీసర్ల బ్యాచికి నేర్పేది. వాళ్ళెవరో నాకు తెలియదు. పోయినవారం, ఇక వెళ్ళనంది. ఒకాయన మంచివాడు కాదు, ప్రాక్టీసు వంకతో ఎక్కడపడితే అక్కడ చేతులేస్తున్నాడు, ఇంటికి ఫోన్లు చేస్తున్నాడు, పైవాళ్ళకి చెబుతానంది."

"మీరేమన్నారు?"

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా, సర్దుకుపో అన్నాను."

నత్తమ్మ అతన్ని తిట్టాలనుకుంది. తిట్టడానికి అతనిలో ఏమీ మిగల్లేదు. ఆవిడ చివరిక్షణం ఎలా ఉండి ఉంటుందో చూపిద్దామని బ్యాగులోంచి కత్తి ఫొటో తీయబోయింది. కుడిచెయ్యి సహకరించలేదు. మణికట్టు అప్పుడే పొంగుతోంది.

"కొత్తవాళ్ళకి అలాగే అవుతుంది," అన్నాడు మాస్టారు నీరసంగా. "నేను మెల్లిగా పట్టమని చెబుతూనే ఉంటాను. నిజంగా పట్టేస్తే నాలుగురోజులు టీ కప్పు కూడా ఎత్తలేరు."

ఆమె ఫొటోని ఎడమ చేత్తో తీసి అతనికిచ్చింది. "ఎడం చేత్తో ఇస్తున్నాను, ఏమనుకోకండి."

ఆ మాట అంటూనే ఆమె తన ఎడమచేతిని చూసుకుంది.

మెట్ల మీద, జేబులోంచి బయటికి రాని కుడిచెయ్యి గుర్తొచ్చింది. చంకలోంచి కవరు లాగిన ఎడమచెయ్యి గుర్తొచ్చింది. అవమానమనుకుంది తను. తన పరువు గురించి బాధపడుతూ, కళ్ళముందున్న వాపుని చూడలేదు. పొద్దున మెట్ల దగ్గరికి వెళ్ళేముందు లాకప్‌లో చూసిన భర్తో? రెండు చేతులతోనూ తల బాదుకుంటూ ఏడుస్తున్నాడు. వాచిన మణికట్టుతో ఎవడూ తల బాదుకోడు.

"అందరూ ఇక్కడే ఉన్నారే!" అని గుమ్మంలోంచి గొంతు వినబడింది.

ఇన్‌స్పెక్టర్. కుడిచెయ్యి జేబులోనే ఉంది.

*

"మీ వెతుకులాట ముగించుకోవచ్చు మేడమ్. మీవాడు సంతకం పెట్టేశాడు. జీపు కిందే ఉంది. వాణ్ణి కోర్టుకి తీసుకెళ్తూ, దారిలో మీకు చెప్పిపోదామని వచ్చాను."

"పాపం, శ్రమపడ్డారు," అంది నత్తమ్మ. మాట్లాడుతూనే బకెట్టు దగ్గరికి నడిచి, ఒక రబ్బరు కత్తి ఎడమ చేత్తో తీసుకుంది. "ఈ గంతులూ గెంతులూ మీకు తెలియవు కదూ?"

"ఆడవాళ్ళ ఆటలు నాకెందుకు?"

ఆమె తన వయసు మర్చిపోయి మీదికి దూకింది.

అతని ఒళ్ళు పక్కకి తిరిగింది. జేబులోని చెయ్యి బయటికొచ్చింది. ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెడుతుంటే అతని నోట్లోంచి బాధగా ఒక మూలుగు వెలువడింది. కఫ్ కింద, చర్మం నీలంగా ఉబ్బి ఉంది. కత్తి అతని చేతికి మారింది. నత్తమ్మ అరచెయ్యి చాచింది.

పిడి ఆమె అరచేతిలోకి వచ్చి వాలింది.

ఎవరో ఊపిరి గట్టిగా లోపలికి పీల్చుకున్నారు. ఇన్‌స్పెక్టర్ తనిచ్చిన కత్తిని చూశాడు, తన వేళ్ళని చూశాడు, ఆమె మొహం చూశాడు.

"చక్కగా నేర్పిందే మీకు," అంది నత్తమ్మ. "బెదిరిద్దామని మెట్ల మీద కాపు కాశారు. ఫిర్యాదు చెయ్యకుండా నోరు మూయిద్దామని. మీ చేతిలోంచి కత్తి గడ్డిపోచలా లాగేసుకుంది. అప్పుడు మీకు ఆ ప్రాక్టీసు గుర్తొచ్చింది. చెయ్యి చాచారు. మీ పంతులమ్మ మిమ్మల్ని నమ్మినట్టు, మర్యాదగా ఇచ్చింది. ఆ మర్యాదకి మీరిచ్చిన బహుమానం అదా?"

అతను ఆడవాళ్ళ వైపు తిరిగి, మామూలు గొంతుతో, "క్లాసు అయిపోయింది. అందరూ బయటికి నడవండి. కేసు విషయం," అన్నాడు. ఖాకీ గొంతుకి ఆ బలం ఎప్పుడూ ఉంటుంది. ఆడవాళ్ళు మాస్టారిని చూశారు. ఆయన తలెత్తలేదు. ఒక్కొక్కళ్ళే చెప్పులు వేసుకుని మెట్ల వైపు వెళ్ళిపోయారు.

అతను ఎడమ చేత్తో తలుపు మూశాడు.

"రబ్బరు కత్తి, బెణికిన చెయ్యి. వీటితో నన్నేం చేస్తారు మేడమ్? బాత్‌రూములో జారిపడ్డాను. అంతే."

"వైద్యుడు జారిపడ్డ చెయ్యికీ మెలిపెట్టిన చెయ్యికీ తేడా చెబుతాడు. పోలీసు గ్రౌండులో బ్యాచివాళ్ళున్నారు. ఆవిడ ఫోనుకి ఎవరు చేశారో కంపెనీవాళ్ళు చెబుతారు. నిదానంగా అన్నీ తీస్తాను. నా సంగతి మీకు తెలుసుగా."

"తెలుసు." అతను తలూపాడు. "మీకు టైమిస్తే తీస్తారు. ఇప్పుడు డజను మంది ఏం చూశారో చెప్పనా? మీరు కత్తి పట్టుకుని నా మీదికి దూకారు. రబ్బరుదో ఉక్కుదో అంత దూరానికి ఎవరికి తెలుసు? మీ శవం చేతిలో ఏ కత్తి దొరకాలో అది దొరుకుతుంది. దీన్నే ఆత్మరక్షణ అంటారు. ఏం మాస్టారూ, మీరు నేర్పేది అదేగా? మీరు కూడా అడ్డొచ్చారు, పాపం."

తుపాకీ అతని కుడి నడుముకుంది. ఎడమచెయ్యి పొట్ట మీదుగా అడ్డంగా పోయి, తోలు సంచీ బొత్తాం కోసం తడుముకుంది. అదొక్కటే అతని తొందరకి అడ్డం పడింది. నత్తమ్మ కదలబోయింది. తుపాకీ బయటికొచ్చింది.

అద్దం పక్కన బట్టలు మార్చుకునే గది తలుపు తెరుచుకుంది. మొహం కడుక్కుని, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ బొంగరం బయటికొచ్చింది. ఆ పిల్ల అక్కడుందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆమెకీ అతనికీ మధ్య ఒక్క చాప దూరం.

అతను తుపాకీ ఆమె వైపు తిప్పాడు.

బొంగరం ఆలోచించలేదు. ఆలోచిస్తే భయపడేది. పక్కకి తిరిగింది, మణికట్టు పట్టుకుంది, బయటికి మెలిపెట్టింది. తుపాకీ ఆమె చేతిలోకొచ్చింది, గొట్టం ఆమె వేళ్ళలో, పిడి అవతలివైపు.

ఇన్‌స్పెక్టర్ మొహంలో కంగారు లేదు. ఈ ప్రాక్టీసు అతనికి కొత్త కాదు. ఎంతో ప్రశాంతంగా ఖాళీ అరచెయ్యి చాచాడు.

బొంగరం చెయ్యి కదిలింది.

నత్తమ్మ అటు కదిలింది, కానీ మధ్యలో నాలుగు చాపల దూరం ఉంది. ఆ చెయ్యి ముందుకు పోతోంది. తుపాకీ గొట్టం ఆ పిల్ల పొట్టవైపే ఉంది. పిడి అతని వేళ్ళకి జానెడు దూరంలో ఉంది. నిన్న మెట్ల మీద ఇలాగే పోయి ఉంటుంది చిన్న టీచరు చెయ్యి. అప్పుడు పక్కన వద్దనేవాళ్ళు లేరు.

"ఇవ్వొద్దమ్మా!"

మాస్టారి కేక హాలంతా మారుమోగింది. పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. "ఇవ్వొద్దు! వెనక్కి నడువు! ఇవ్వొద్దు!"

బొంగరం చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. ఇన్‌స్పెక్టర్ ముందుకి దూకేలోపు మాస్టారు అతని నడుము పట్టుకుని చాప మీదికి పడేశాడు. రెండు మణికట్లూ వెనక్కి విరిచి, మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

తలుపు తెరుచుకుంది. ఆడవాళ్ళు ఎక్కడికీ పోలేదు. తలుపు అవతల నిలబడి, అతను చెప్పింది చెప్పినట్టు మొత్తం విన్నారు. వాళ్ళ మొహాలు చూసి నత్తమ్మకి మొదటిసారి ధైర్యం వచ్చింది. ఆరేళ్ళ పిల్లకి చెప్పడానికి ఇప్పుడొక నిజం ఉంది. మంచిది కాదు. కానీ నిజం.

అంతలో కింద జీపు తలుపులు దభాలున మూసుకున్నాయి. కేక అక్కడిదాకా వినబడినట్టుంది. బూట్ల చప్పుడు మెట్లెక్కి వస్తోంది. ఇద్దరో, ముగ్గురో. అతని మనుషులు. తమ ఇన్‌స్పెక్టర్‌ని చాప మీద అణిచిపెట్టి ఉండటం, ఒక పిల్ల చేతిలో అతని తుపాకీ ఉండటం చూస్తారు. ముందు చేతులు చాచి తుపాకీ ఇమ్మంటారు.

చాప మీద ఇన్‌స్పెక్టర్ ఒక పక్కకి నవ్వాడు.

బొంగరం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పిడి ఇంకా బయటివైపే ఉంది. కళ్ళు పెద్దవి చేసుకుని నత్తమ్మని చూసింది.

"మేడమ్, దీన్ని ఎవరికివ్వాలి?"

నత్తమ్మ వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడి, తలుపు వైపు తిరిగింది.

"ఎవరికీ ఇవ్వకు," అంది.